అంగుళం తక్కువ చొక్కా

నా చిన్నప్పుడు మా తాతయ్యకి తిరువూరు బజారులో బట్టలు కుట్టే కొట్టు ఉండేది. మూడు మిషన్లు, గుడ్డ కోయడానికి పొడవాటి బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె, గోడవారగా ఒక బెంచీ. ఊళ్లోవాళ్లు ఆయన్ని సాయిబుగారు అనేవారు, పనిచేసేవాళ్లు మాస్టారు అనేవారు. వేసవి సెలవులు వచ్చాయంటే పొద్దున్నుంచీ నా కాపురం ఆ బెంచీ మీదే. అడ్డమైన ప్రశ్నలూ వేసి అందరి బుర్రలూ తినేదాన్ని.

పొడవాటి కాలర్ల చొక్కాలు, బెల్‌బాటమ్ ప్యాంట్లు కొత్తగా వచ్చిన రోజులవి. దానికి తోడు పెళ్లిళ్లు. పాత టైలర్లు ఇద్దరితో పని తెమలక, గంపలగూడెం నుంచి ఇంకొకాయన్ని పెట్టుకున్నారు తాతయ్య. అతనికి పాతికేళ్లుంటాయి, ఇంట్లో నెలల బిడ్డ. నేను గంపలగూడెం అన్న అని పిలిచేదాన్ని. తన కత్తెర తానే గుడ్డసంచిలో తెచ్చుకునేవాడు. మొదటి పది రోజులూ అతనికి కుట్టుపనే తప్ప కోత పని ఇవ్వలేదు.

తాతయ్య మెడలో ఒక పాత టేపు ఉండేది. దాని మొదటి అంగుళం ఎప్పుడో పీలికలైపోతే, అంతవరకూ కత్తిరించేసి, కొస మళ్లీ పీలికలవకుండా చిన్న గుడ్డ పట్టీ మడిచి కుట్టారు. కొలిచిన ప్రతిసారీ ఆ పోయిన అంగుళాన్ని మనసులో సర్దుకునేవారు. పాత టైలర్లకీ అది అలవాటైపోయింది. కొత్తది కొనమని నానమ్మ ఎంత పోరినా, నా చెయ్యి దీనికే కుదిరింది అనేవారు. మా తాతయ్య మంచివారే గానీ మహా మొండి.

ఒక గురువారం ఆయన దారాలకీ గుండీలకీ బెజవాడ వెళ్తూ, వినగడప అనే ఊరి పెళ్లికొడుకు చొక్కా కోసి కుట్టే పని గంపలగూడెం అన్నకి అప్పగించారు. కొలతలు పుస్తకంలో ఉన్నాయి. మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి బస్సెక్కారు. దాని సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పే ఉంటారని పాతవాళ్లు అనుకున్నారు. మొదటిసారి మాస్టారి బల్ల దగ్గర నిలబడ్డానన్న సంబరంలో అన్న ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ రాత్రే తిరిగొచ్చిన తాతయ్య, శుక్రవారం పొద్దున్నే టేపు మళ్లీ మెడలో వేసుకునేసరికి పెళ్లికొడుకు, అతని మేనమామ వచ్చారు. చొక్కా తొడిగితే గుండీలు కాజాల దాకా రాలేదు. ఊపిరి బిగబట్టినా రాలేదు. నాకు నవ్వాగక పైకే నవ్వేశాను. మేనమామ ముఖం చూసి తాతయ్యకి తల కొట్టేసినట్టయింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, పక్క కొట్ల వాళ్లు కూడా వచ్చి చూసేలా కేకలేశారు.

"కళ్లెక్కడ పెట్టుకుని కోశావయ్యా? ఎల్లుండి ముహూర్తం పెట్టుకుని వాళ్లేం కట్టుకుంటారు? రేపట్నుంచి నువ్వు రావద్దు!"

గంపలగూడెం అన్న తన మిషన్ దగ్గర్నుంచి లేచాడు. కత్తెర సంచిలో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ ఒకసారి నా వైపు చూశాడు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొత్త గుడ్డ తనే కొని రేపు కుట్టిస్తానని వినగడప వాళ్లకి నచ్చజెప్పి పంపారు తాతయ్య. మధ్యాహ్నం నమాజు చేసి వచ్చాక ఆ చొక్కా కుట్లు విప్పి, ముక్కలు బల్ల మీద పరిచారు. చెక్కబద్ద పెట్టి ఒక్కొక్కటే కొలిచారు. భుజం, చేతులు, ఛాతీ, కాలరు, ప్రతి ముక్కా సరిగ్గా అంగుళమే తక్కువ. చెయ్యి తిరగనివాడు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కోస్తాడు. ఇన్నిచోట్ల ఒకే కొలత తగ్గదు. అప్పుడు ఆయన మెడలోని టేపు తీసి, పట్టీ కుట్టిన ఆ కొసని చెక్కబద్ద పక్కన పెట్టారు.

"అతను తప్పు కొయ్యలేదే తల్లీ," అన్నారు నాతో. "నేనే తప్పు కొలత చేతికిచ్చాను."

తాతయ్య గంపలగూడెం బస్సుకి బయల్దేరుతుంటే, పాతవాళ్లిద్దరిలో పెద్ద టైలరు అడ్డుపడ్డాడు. "కబురు చేస్తే వస్తాడు కదా మాస్టారూ. మీరు వెళ్లడమేంటండి? పనోళ్ల దగ్గర చులకనైపోతారు."

"అన్నది నేనైతే, కబురు ఇంకొకళ్లతోనా?" అన్నారు తాతయ్య. నేను వెంటపడితే నన్నూ తీసుకెళ్లారు.

అన్న వాళ్లింట్లో మంచం వాల్చారు. తాతయ్య కూర్చోలేదు. టేపు సంగతి మొత్తం చెప్పి, తప్పు నాది, మన్నించు అన్నారు. అతను కంగారుపడిపోయి, పర్లేదండి, రేపొచ్చేస్తాను అన్నాడు. బిడ్డని ఎత్తుకున్న అతని భార్య కళ్లు తుడుచుకుంది. అంతటితో అయిపోయిందని నేననుకున్నాను. తాతయ్య మాత్రం, "నలుగురిలో అన్నానయ్యా. ఇక్కడ చెప్తే సరిపోదు. రేపు వాళ్లొచ్చే వేళకి నువ్వుండాలి," అన్నారు.

శనివారం పొద్దున వినగడప వాళ్లొచ్చారు. పక్క కొట్ల వాళ్లని తాతయ్యే పిలిచారు. అందరూ వినేలా, నిన్న నేను ఇతన్ని అన్న మాటలన్నీ తప్పు, చెడింది నా టేపు, చెప్పకపోవడం నా పొరపాటు అన్నారు. మేనమామ నసిగాడు.

"అంతా బానే ఉంది గానీ సాయిబుగారూ, ఈసారన్నా మీరే కొయ్యండి. రేపే పెళ్లి."

"అతనే కోస్తాడండి. పూచీ నాది," అన్నారు తాతయ్య.

కొత్త గుడ్డ, కొత్త టేపు బల్ల మీద పెట్టారు. గంపలగూడెం అన్న చేతిలో సుద్ద విరిగింది. ఎవరు కోస్తున్నా వెనకాల నిలబడి చూడటం తాతయ్య అలవాటు. ఆ రోజు అటు వీపు పెట్టి కూర్చుని, వేరే ఎవరి చొక్కాకో కాజాలు కుట్టుకున్నారు. కత్తెర గుడ్డలో నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన ఒక్కసారీ తల తిప్పలేదు. మధ్యాహ్నానికి చొక్కా తయారైంది. పెళ్లికొడుకు పై గుండీ దాకా పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే, అన్న కూడా ఆ అద్దంలోకే చూస్తున్నాడు. అతని ముఖం ఎంత తేటపడిందో చెప్పలేను. తాతయ్య చులకనవుతారని భయపడ్డ పెద్ద టైలరు ఆ రోజు నుంచి ఆయన ఎదుట బీడీ తాగడం మానేశాడు.

పెద్దయ్యాక నేను హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. పాతికమంది టీచర్లు నా కింద పనిచేశారు. ఒకసారి స్టాఫ్‌రూములో అందరి ముందూ ఒక కొత్త టీచర్ని గట్టిగా మందలించాను. తీరా చూస్తే పొరపాటు ఆమెది కాదు, నాది. నా గదిలోకి పిలిచి, తలుపు వేసి సారీ చెప్పాను. ఆమె, పర్లేదు మేడమ్, అని నవ్వి వెళ్లిపోయింది. రేపు అందరి ముందూ చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వాయిదా వేశాను. ఈలోగా ఆమెకి బదిలీ అయింది. ఆ స్టాఫ్‌రూములో మిగిలినవాళ్లు ఈనాటికీ ఆ తప్పు ఆమెదే అనుకుంటూ ఉంటారు.

ఆ తర్వాత ఎవరి మీద కోపం వచ్చినా, నోరు తెరిచే ముందు చుట్టూ ఎంతమంది ఉన్నారో చూసుకుంటాను. అంతమంది ముందూ తప్పు నాదని చెప్పుకోగలనా అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు, చెప్పుకోలేననే జవాబు వస్తుంది. అప్పుడు నోరు మూసుకుంటాను.