ట్రౌట్‌ల మేత

రోటోరువా ఊరి అవతల చేపలు పట్టే క్లబ్బువాళ్ల సరస్సుకు క్లారీ టాంబ్లిన్ పదేళ్లుగా కాపలాదారు. ట్రౌట్ చేపలు తక్కువగా, వాటికి మేతయ్యే చిన్నచేపలు ఎక్కువగా ఉంటేనే ఒక్కో ట్రౌట్ పసిపిల్లంత అవుతుందని అతని పట్టుదల. అయ్యాయి కూడా, కానీ ఎవరి గాలానికీ చిక్కలేదు. విసిగిన సభ్యులు అతన్ని తీసేసి మరిన్ని ట్రౌట్ పిల్లల్ని వదులుదామని శనివారం సమావేశమయ్యారు, అదీ అతని ఇంట్లోనే. అతని భార్య నోలీన్ చేతివంట వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేదు మరి.

వాళ్లకు చూపించి ఒప్పించాలని క్లారీ బకెట్ నిండా చిన్నచేపలు తెచ్చి వంటింట్లో పెట్టాడు. కాసేపటికి చూస్తే బకెట్ ఖాళీ. భార్య వాటిని గుడ్డుసొనలో కలిపి అట్లు పోసేసింది.

"నా సాక్ష్యాన్ని వేయించేశావటే?"

"వంటింట్లో పెట్టిన చేపల్ని వండక జోల పాడమంటావా? పో, వడ్డించు."

అధ్యక్షుడు డెస్ మూడో అట్టు నములుతూ అడిగాడు, "ఎక్కడివయ్యా ఈ చేపలు?"

"మన సరస్సువే. ట్రౌట్‌లు ఎక్కువైతే ఇవి మిగలవని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను కదా."

"తినిపించి చెప్పాల్సిందయ్యా ఆ మాట."

కొత్తగా ట్రౌట్ పిల్లల్ని వదలకూడదని అందరూ చేతులెత్తారు. క్లారీ ఉద్యోగం నిలిచింది. మర్నాడు సభ్యులంతా గాలాలు ఇంట్లో పడేసి, వలలు పట్టుకుని దిగారు. ఆ పెద్దమనుషుల నుంచి ట్రౌట్‌ల మేతను కాపాడటమే ఇప్పుడు క్లారీ పని.