కడబంతి కషాయం

నలుగురి గడ్డాలు దారంతో నున్నగా చేసే మనిషికి తన గడ్డం మీదే వెంట్రుకలు మొలిచాయి. బ్యూటీపార్లర్‌లో ఆమెను అందరూ దారమ్మ అంటారు. గడ్డం సంగతి అలా ఉంచితే, నెలసరి కూడా ఆగిపోయింది. డాక్టరమ్మ స్కానింగ్ చేయించి, ఇది పీసీఓఎస్, అండాశయాల్లో నీటి బుడగల్లాంటివి ఉన్నాయని చెప్పి మాత్రలు రాసింది. దారమ్మ కోరిక ఒక్కటే, తన ఒళ్లు మళ్లీ తన మాట వినాలని.

సంగతి తెలియగానే ఇంట్లో తలా ఒక వైద్యుడయ్యారు. అత్తగారు మెంతులంది. ఆడపడుచు దాల్చినచెక్క అంది. మొగుడు ఫోన్‌లో చూసి పుదీనా తాగితే గడ్డాలు రావట అన్నాడు, తన మీసం ఓసారి తడుముకుని. అన్నీ కలిపి కషాయం కాచాలని తేలింది. మాత్రలు వేడి చేస్తాయని అత్తగారు వాటిని అటకెక్కించింది.

"నువ్వొక్కదానివే చేదు మింగుతుంటే మాకు ముద్ద దిగుతుందా? అందరం తాగుదాం," అంది. ఆ మాటకు దారమ్మ కళ్లు చెమర్చాయి.

రోజూ పొద్దున్నే తనే కాచి, తనే అందరికీ పోసింది. మామగారికి షుగరు దిగింది. మొగుడి పొట్ట లోపలికి పోయి ప్యాంటు జారింది. ఆడపడుచు మొటిమలు మాయమయ్యాయి. పక్కింటివాళ్లు కూడా గ్లాసులు పట్టుకుని వరస కట్టారు.

"నీ జబ్బు మా ఇంటికి కలిసొచ్చిందమ్మా. తొందరపడి తగ్గించేసుకోకు," అన్నాడు మామగారు. ఆయన వేళాకోళానికి అనలేదు.

మళ్లీ స్కానింగుకు ఇంటిల్లిపాదీ బయల్దేరారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి తల గోక్కుంది. వీసమెత్తు మార్పు లేదు.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"అటక మీదున్నాయండి. ఇంట్లో కషాయం కాస్తున్నానండి."

"కషాయమైనా తాగుతున్నారా? రోజూ ఎంత?"

"మిగిలితే తాగుతానండి," అంది దారమ్మ.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేది తనే అయినా దారమ్మకు రోజూ గిన్నె అడుగే దక్కింది.

బయటికి రాగానే అత్తగారు నొచ్చుకుంది. "పాపం పిల్ల. రేపట్నుంచి ఇంకాస్త పెద్ద గిన్నె పెట్టుకో అమ్మా."

దారమ్మకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు అటకెక్కి మాత్రలు దించింది. చిన్న గిన్నెలో గ్లాసుడే కాచి, మామగారి కుర్చీలో కూర్చుంది. ఖాళీ గ్లాసులతో అందరూ చుట్టూ చేరారు.

"మాకు?" అన్నాడు మామగారు.

"మీకు తగ్గిపోయింది కదా మామయ్యగారూ," అని దారమ్మ మాత్ర నోట్లో వేసుకుని, ఆఖరి చుక్క దాకా తాగింది.