నా మెప్పు కోసం వేసుకున్న గోలీ

2023, ఎండాకాలం చివర. హనుమకొండలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు పాలంపేట నుంచి లచ్చక్క, తన మరదలి భుజం పట్టుకుని వచ్చింది. పన్నెండు మంది ఆడవాళ్లను ముఠాగా కూడగట్టి వరినాట్లకు తీసుకెళ్లేది లచ్చక్కే. వైరస్ సోకి ఎడమ లోచెవి నరం దెబ్బతిన్నదని చెవి డాక్టరు రాసి పంపారు.

“తల వంచితే భూమి గిర్రున తిరుగుతాంది సారూ. నాట్ల వరకన్న మంచిగైతనా? లేకుంటే ముఠా వేరేటోళ్ల చేతికి పోతది.”

“అయితవక్కా” అన్నాను. ఆ ధీమా ఊరికే రాలేదు, పదిహేనేళ్లుగా నాకిదే పని. ఒక చెవి చెడితే రెండో చెవి, కళ్లు, పాదాలు ఇచ్చే కబుర్లతో మెదడు సర్దుకుంటుంది. దాన్ని కాంపెన్సేషన్ అంటాం. గోడకు బొట్టుబిళ్ల అంటించి, చూపు దానిమీదే ఉంచి తల తిప్పించాను. నాటు వేసేవాళ్లు వంగి వెనక్కి నడుస్తారు కాబట్టి, పరుపు మీద అలాగే నడిపించాను.

నా ముందు తూలకుండా చేసేది. నేను శభాష్ అనేవాణ్ణి. మూడు వారాల తర్వాత మరదలు అసలు సంగతి చెప్పింది: ఇంట్లో గోడ పట్టుకోనిదే అడుగు పడటం లేదట.

“ఇక్కడ మంచిగనే చేస్తవు కదక్కా?”

“కసరత్తుకు ముందట తల తిరుగుడు తగ్గే గోలీ ఏసుకుంటాన సారూ. ఇంత కష్టపడి నేర్పుతాండ్రు, మీ ముందట పడితే మీకేం మంచిగుంటది?”

డాక్టరు ఐదు రోజులకే రాసిన గోలీ అది. ఆ తర్వాత మందుల షాపులో అడిగి కొనుక్కుంటోంది. మెదడులో కబుర్లు అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. ఆ గోలీ వాటిలో కొన్నింటిని మూసేస్తుంది. తిరుగుడు తగ్గుతుంది, నిజమే. కానీ తూలుతున్నామన్న కబురే సరిగా అందకపోతే మెదడు దేన్ని చూసి సర్దుకోవాలి? కోపం ఆమె మీద రాలేదు, నా మీదే వచ్చింది. ఏ మందులు వాడుతున్నావని అడగాల్సినవాణ్ణి శభాష్‌లు పంచుతూ కూర్చున్నాను.

డాక్టరుతో మాట్లాడి గోలీ మాన్పించాం. ఆ వారం వాంతులు చేసుకుంది, ఏడ్చింది, నన్ను తిట్టింది కూడా. నేను వదల్లేదు. నెల తిరిగేసరికి పరుపు మీద ఒక్కతే వెనక్కి నడిచింది.

నాట్లప్పుడు మరదలు వీడియో పంపింది. బురదలో వంగిన లచ్చక్క ఒకసారి తూలింది. పక్కామె చెయ్యి అందించబోతే, “పట్టకు, నేనే ఆగుత” అంది. ఆగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు మందుల సంచి బల్ల మీద గుమ్మరించమంటాను. నన్ను సంతోషపెట్టడానికి ఏమీ చేయొద్దని కూడా చెబుతాను. నా ముందు తూలడానికి మొహమాటపడే మనిషికి నేను నడక నేర్పలేను.