చెప్పులు విడిచే చోట్లు

పోయిన నెల మా మేడ మీది గదికి సీలింగు పని జరిగింది. పనివాళ్ళు బక్కెట్టులో నీళ్ళు పోసి, తెల్లటి ప్లాస్టరు పొడిని గుప్పిళ్ళతో జల్లుతూ కలుపుతున్నారు. తడిసిన సున్నానిదీ తొలివాన పడ్డ మట్టిదీ కలిసినట్టుండే వాసన అది. గచ్చు మీద ఒలికిన ముద్దను తీసి పారేద్దామని చేతిలోకి తీసుకున్నాను. కాసేపు చల్లగా ఉంది. తర్వాత గట్టిపడుతూ, ప్రాణమున్నదానిలా వెచ్చబడసాగింది. "చెయ్యి కడుక్కో సార్, పట్టేస్తాది" అన్నాడు మేస్త్రి. నేను కడుక్కోలేదు. ఆ వేడి పూర్తిగా తగ్గేదాకా ముద్దను అరచేతిలోనే ఉంచుకుని నిలబడ్డాను. ఇరవై ఏళ్ళ కిందట అదే వేడి నా కుడిపాదం చుట్టూ ఉండేది. ఆ పాదాన్ని రెండు చేతులతో కదలకుండా పట్టుకుని నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్న మనిషి పేరు వసుంధర. నాకు వసుంధరక్క.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. నేను కర్నూలులో ఒక దినపత్రికకు విలేకరిని. మా కార్యాలయం మేడ మీద ఉండేది. కింద రెండు గదుల్లో అక్క వర్క్‌షాపు. "పాదాలకు కొలత ప్రకారం ఆసరాలు చేయబడును" అన్న బోర్డు చదివి ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. తెగిన చెప్పులు కుట్టించుకుందామని వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళనూ కూర్చోబెట్టి, పాదాలు చూసి, చెప్పుకు రెండు కుట్లు వేసి పంపేది. ఆమెది బద్వేలులో బట్టల కొట్టున్న వైశ్య కుటుంబం. పై రాష్ట్రానికి పోయి, వంకర పాదాలకూ నొప్పి పాదాలకూ ఆసరాలు చేసే చదువు చదివి వచ్చింది. "మావాళ్ళు మూడు తరాలుగా గజం కట్టెతో గుడ్డ కొలిచినారు. నేను పాదం కొలుస్తాండా. ఎవురన్నా అడిగితే మా నాయన 'మా పాప డాక్టరు' అంటాడు. కాదని నేనంటా. ఆ పూట ఇద్దరికీ అన్నం సయించదు" అని పకపకా నవ్వేది.

నాకు పొద్దున్నే మంచం దిగి తొలి అడుగు వేస్తే మడమలో తుమ్మముల్లు దిగినట్టుండేది. విలేకరి ఉద్యోగమంటే ఆ రోజుల్లో సగం నడకే. ఎముకల డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని కిందికి దిగాను. అక్క చీటీ చదివి, నా కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు పోసి, వాకిట్లో పరిచిన నల్లటి కడప బండ మీద నడవమంది. ఏప్రిల్ ఎండ. అడుగు పడీ పడకముందే తడి ఆరిపోతోంది. "రాయి మింగేస్తాంది, రాయి మింగేస్తాంది!" అని అరుస్తూ, సుద్దముక్కతో ఆ అచ్చు చుట్టూ గీత గీయడానికి ఆమె కొంగు దోపుకుని పరుగులు పెట్టింది. గీత గీశాక వెనక్కి నిలబడి చూసి, "అబ్బా! ఏం వంపప్పా ఇది! కాలవ మీద వంతెన మాదిరి ఉండాది. పాపం, బరువంతా ముందూ వెనకా మోస్తాంది, నడుమ నేలకే తాకదు" అంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా మెడలు చాచి నా అడుగును చూశారు. అప్పటిదాకా నా రాతను కూడా ఎవరూ అంత సంబరంగా మెచ్చుకోలేదు.

ప్లాస్టరు గుడ్డతో పాదానికి అచ్చు తీయడం, ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టరు పోసి రాతి పాదం లాంటిది తయారుచేయడం, దాని మీద వేడి చేసిన రబ్బరు షీటు అదిమి అంచులు అరగదీయడం, అన్నీ ఆమె పక్కన కూర్చుని చూశాను. బూట్లలో పెట్టుకునే ఆ రబ్బరు ఆసరాలు వేసుకున్న నెలకు తొలి అడుగు భయం పోయింది. ఇంకో జబ్బు పట్టుకుంది. కలెక్టరు సమావేశంలో ఉన్నా, బస్టాండులో ఉన్నా, ముఖాలు వదిలేసి జనం పాదాలు చూడటం మొదలుపెట్టాను. సాయంత్రం కిందికి దిగి ఎవరి మడమ ఎటు ఒరిగిందో చెబితే, అక్క టీ గ్లాసు పక్కన పెట్టి మరీ వినేది.

ఈరమ్మను నేను అలాగే చూశాను. వలసల మీద వార్తలు రాయడానికి కోసిగి వైపు పోయినప్పుడు కనబడిన మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. ఊరి నుంచి ముప్పై మందిని వెంటబెట్టుకుని ఏటా గుంటూరు వైపు మిరప కోతకు పోయే ముఠాకు ఆమే పెద్ద. రైతుతో కూలి మాట్లాడేది, ఎవరికైనా జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోయేది ఆమే. అంతకుముందు ఏడు కాలి నొప్పితో కోత మధ్యలోనే తిరిగి వచ్చేసింది. రెండు పాదాల వంపులూ పడిపోయి, మడమలు లోపలికి ఒరిగాయి. "ఈ ఏడు కూడా పోలేకపోతే ముఠా ఇంకో మేస్త్రి చేతికి పోతాది సారూ. ఆడదాని మాట మల్లా ఎవురింటారు?" అంది. లారీ కదలడానికి ఇంకా మూడు నెలలుంది. ఆ వారమే ఆమెను కర్నూలుకు రప్పించాను.

కడప బండ మీద ఈరమ్మ తడి అడుగు నిండుగా, వంపన్నదే లేకుండా పడింది. "జొన్నరొట్టె తట్టినట్టు పడిందే!" అని ఆమే నవ్వింది. అక్క నేల మీద కూర్చుని పాదాన్ని ఒళ్ళోకి తీసుకోగానే మాత్రం చటుక్కున వెనక్కి లాక్కుంది.

"కాళ్ళు పట్టుకుంటావేమి డాక్టరమ్మా! నాకి పాపం సుట్టుకుంటాది."

"నేను డాక్టరు కాదు, నీకు పాపమూ రాదు. కాలు వదులుగా పెట్టు ఈరమ్మక్కా, బిగబడితే అచ్చు చెడతాది."

"సల్లగుండాది... ఓయమ్మా, కాలుతాండాది!"

"కాలదులే. గట్టిపడేటప్పుడు అంతే."

పాదం ఆకారంలో ప్లాస్టరు బయటికి వచ్చాక ఈరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే నా కాలొకటి మీకాడనే ఉంటాదన్నమాట. బాగ సూసుకోండి తల్లీ" అంది. అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది.

పదిహేను రోజులకు చెప్పులు తయారయ్యాయి. ఈరమ్మ బూట్లు వేసుకోదు కాబట్టి ఆసరాను చెప్పులోనే కలిపి, మడమ చుట్టూ తోలు పట్టీ వేసి, అక్క ఎంతో ముద్దుగా చేసింది. ఈరమ్మ వాటిని వేసుకుని వాకిట్లో నాలుగుసార్లు తిరిగింది. మడమలు నిలువుగా నిలబడ్డాయి. నేను మేడ మెట్లు రెండేసి ఎక్కిపోయి, ఆ సాయంత్రమే వార్త రాసి పంపాను. "ఈరమ్మ నడిచింది" అన్న శీర్షికతో, ఫొటోతో, జిల్లా పేజీలో మూడు కాలమ్‌లు వచ్చింది. అక్క చదివి, "నాలుగు సుట్లకే ఇంత రాసినావే!" అంది. అది మెచ్చుకోలు అనుకున్నాను.

నెల తర్వాత వేరే పని మీద ఆ ఊరికి పోయాను. ఈరమ్మ నీళ్ళ బిందెతో ఎదురొచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. మడమలు మునుపటిలాగే ఒరిగి, ప్రతి అడుగుకూ పెదవి కొరుక్కుంటోంది. నన్ను చూసి సంతోషంగా ఇంట్లోకి పిలిచింది. గోడకు నా వార్త అంటించి ఉంది. చెప్పులేవని అడిగితే ట్రంకు పెట్టె తెరిచి, కొత్త రవిక గుడ్డలో చుట్టిన మూట తీసింది. లోపల చెప్పులు వర్క్‌షాపులో ఉన్నప్పటిలాగే మెరుస్తున్నాయి.

"వేసుకోవడం లేదా ఈరమ్మా?" అన్నాను. నా గొంతులో కోపం నాకే తెలుస్తోంది.

"ఏసుకుంటి సారూ. సంతకు పొయ్యేటప్పుడల్లా ఏసుకుంటి."

"మిగతా రోజులు?"

"యాడ ఏసుకోవల్ల నువ్వే సెప్పు. ఇంట్లో ఏసుకోకూడదు. పొయ్యికాడ ఏసుకోకూడదు. కల్లంలో గింజలుంటాయి, తొక్కకూడదు. సేన్లో మన్ను. అంత బాగ సేసిచ్చిండ్లు, దాండ్లను మన్నులో తొక్కుతారా ఎవురన్నా?"

తిరుగు ప్రయాణమంతా బస్సులో ఆమెను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. ఊరు దాటి ఎమ్మిగనూరు వచ్చేసరికి ఆ తిట్లు నా మీదికే తిరిగాయి. మూడు కాలమ్‌లు రాసిన మనిషిని, ఈ నాలుగు మాటలు అడగలేదు. అక్కకు చెబితే బాధపడుతుందని భయపడ్డాను. ఆమె మొత్తం విని, అరచేత్తో నుదురు కొట్టుకుని, లేచి నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. "ఎంత మొద్దునప్పా నేను! పాదానికి కొలత తీసినా, దినానికి తీయలా! పద, రేపే పోదాం" అంది. తన తప్పు దొరికినందుకు అంత ఉత్సాహపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మరునాడు మొదటి బస్సుకే కోసిగి పోయాం. అక్క నోటుపుస్తకం పట్టుకుని పొద్దున్నుంచీ ఈరమ్మ వెనకే తిరిగింది. ఆమె చెప్పులు విడవాల్సి వచ్చే ప్రతి చోటూ రాసుకుంది. గడప, పొయ్యి, దేవుడి గూడు, పక్కింటి అరుగు, కొర్రలు నూర్చే కల్లం. మధ్యాహ్నానికే పేజీ నిండింది. "మేం చదివిన పుస్తకాల్లో మనిషి పొద్దున బూట్లేసుకుంటే మాపటికి విడుస్తాడప్పా. ఈమె కాలికి చెప్పుండే సమయం వెతికితే గంట కూడా దొరకలా" అంది నాతో.

వారం రోజులు వర్క్‌షాపు దీక్షలా సాగింది. పాత అచ్చు మీదే పలచని రబ్బరు ఆసరా చేసి, దాన్ని మందపాటి నూలు పట్టీలో కుట్టింది. పాదం నడుముకూ మడమకూ చుట్టి బిగించుకునేది. వేళ్ళు బయటికే ఉంటాయి. తోలు ముక్క కూడా లేదు. ఉతుక్కోవచ్చు. మొదటిది తడవగానే జారిపోయింది. రెండోది చీలమండను కోసింది. మూడోదాన్ని తనే కట్టుకుని బండ మీద గెంతి చూసి, "ఇది పోదు!" అని కేకేసింది. పై నుంచి మా సబ్ ఎడిటరు ఏం జరిగిందోనని దిగి వచ్చాడు.

అసలు పరీక్ష కల్లం దగ్గర. అక్కడ మాట ఈరమ్మ అత్తది. ఎనభై ఏళ్ళ మనిషి, చూపు మందగించింది. కోడలు కాళ్ళకు ఏదో ఉందని అడుగుల చప్పుడుతోనే పట్టేసింది.

"ఏమే అది? కల్లంలోకి సెప్పులా?"

ఈరమ్మ అంచు దగ్గరే ఆగిపోయింది. పని చేస్తున్నవాళ్ళంతా చేటలు దించి చూస్తున్నారు. ఈమె ఒప్పుకోకపోతే ఊళ్ళో ఏ కల్లమూ ఒప్పుకోదు. మిరప కల్లాల దగ్గరా అంతే. అక్క ముందుకు పోయి ముసలమ్మ పక్కన కూర్చుని, ఇంకో పట్టీని ఆమె చేతికిచ్చింది. "సూడవ్వా. కాలికి దెబ్బ తగిలితే గుడ్డ కట్టుకుంటారు గదా. ఇదీ అట్లాంటిదే." ముసలమ్మ దాన్ని వేళ్ళతో అంతా తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసింది. మళ్ళీ చూసింది. 

"తోలు లేదు" అంది చివరికి. "నూలు గుడ్డే. రానీ." పట్టీని వదలకుండానే, "నా కాళ్ళకూ ఒగటి కుట్టియ్యి పాపా" అంది. కల్లమంతా ఘొల్లున నవ్వింది.

తర్వాత నెల రోజులూ ఈరమ్మ కాళ్ళకు ఆ పట్టీలు ఉదయం నుంచి పడుకునేదాకా ఉన్నాయి. లారీ కదిలే రోజు పొద్దున్నే అక్కా నేనూ పోయాం. ముప్పై మంది మూటలతో వస్తుంటే ముందు నడుస్తున్నది ఈరమ్మే. పెదవి కొరుక్కోవడం లేదు, మేస్త్రిలా అందరినీ గద్దిస్తోంది. నా చేతిలో నోటుపుస్తకం చూసి లారీ మీది నుంచే అరిచింది. "ఈతూరి నేను తిరిగొచ్చినాంక రాయి సారూ! ముందే రాసేసి నన్ను నవ్వులపాలు సెయ్యాకు!" అక్క నా వీపు మీద చరిచింది. "విన్నావా? నాకూ అదే మాట. తిరిగొచ్చినాకే నేనూ నమ్ముతా." నేను నోటుపుస్తకం మూసేశాను. అంతకుముందు రాసిన మూడు కాలమ్‌లు తొందరపాటని ఒప్పుకుంటూ ఆ వారమే లోపలి పేజీలో ఆరు పంక్తులు రాశాను. రాయక తప్పదని అక్క పట్టుబట్టింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం కింది నుంచి అక్క కేక వినబడి పరుగున దిగాను. ఈరమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. కోత మొత్తం ముగించుకుని ముఠాతోపాటే తిరిగి వచ్చింది. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, పాదాలు చూపించుకోవడానికి. అక్క వాకిలి దగ్గర వెలుతురులో నిలబడి, మిరప రంగు పట్టి ఎర్రబడిన పట్టీలను తిప్పి తిప్పి చూస్తోంది. గోనె దారంతో మూడుచోట్ల కుట్లు పడ్డాయి. "సినిగిపోయిందని తిడతావనుకుంటి" అంది ఈరమ్మ. "తిడతానా! ఈడ చూడప్పా, మడమ కాడ ఎట్టా అరిగిందో! ఈడ చూడు, లోపలికి ఒరగకుండా బరువు నడుమకు వచ్చింది! ఇంత సక్కగా అరిగింది నా బతుకులో చూళ్ళా!" అని నన్ను చెయ్యి పట్టి ఎండలోకి లాగింది. వార్త ఆ రోజు రాశాను.

తర్వాత అక్క తన దగ్గరికి వచ్చేవాళ్ళ వివరాలు రాసుకునే కాగితాల మీద పేరు, వయసు, నొప్పి అన్న గడుల కింద చేత్తో ఒక ప్రశ్న చేర్చింది: చెప్పులు యాడయాడ విడుస్తారు? జవాబుకు వదిలిన జాగా అన్నిటికంటే పెద్దది. కొన్నేళ్ళకు కడపకు మారిపోయింది. పోయిన ఏడు కాలం చేసింది. ప్రభుత్వమో, సంఘమో, దాతో జనానికి ఏదైనా ఇచ్చారని నాకు ఫోను వస్తే, నెల ఆగి పోతాను. ఇచ్చిన వస్తువు బయటికి తెమ్మంటాను. కొత్తగా మెరుస్తుంటే పెన్ను తీయను, వాళ్ళ దినం ఎలా గడుస్తుందో చెప్పమని కూర్చుంటాను. మసిబారి, అతుకులు పడి, చేతి రాపిడికి అరిగి ఉంటే మాత్రం, యాభై దాటిన ఈ వయసులోనూ, పక్కనున్న ఫొటోగ్రాఫరును చెయ్యి పట్టి లాగి, "ఈడ చూడప్పా!" అంటాను.