షాహీనాను చూసి పచ్చబడిన వీధి

నాయుడుపేటలో ఏళ్లుగా నేను పాఠాలు చెప్పడానికి స్కూలుకు సైకిల్ మీదే వెళ్తున్నాను. నన్ను చూసి మా వీధిలో ఒక్కరూ సైకిల్ కొనలేదు. పోయిన నెల ఎదురింటి షాహీనా కొన్నది. ఇప్పుడు పొద్దున్నే ఆమె వెంట సైకిళ్ల మీద ఆడవాళ్ల గుంపు బయల్దేరుతోంది. నాకు కుళ్లుగా ఉంది, దాచుకోను.

ఈ రోజు మా చెల్లెలు వచ్చింది. సైకిల్ మీద జనానికి ఇష్టం ఎట్లా పుడుతుందో కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి ఊరు కట్టి పరిశోధన చేస్తోంది. అందులో మనుషులు చుక్కలు. సైకిల్ మీద ఇష్టం పుడితే చుక్క పచ్చబడుతుంది. నాలాంటి చుక్కను పెట్టి చూడమన్నాను. అది రోజూ తొక్కింది కానీ పక్కన ఒక్కటీ పచ్చబడలేదు. షాహీనాలాంటి చుక్కను పెట్టగానే వీధంతా పచ్చగా అయిపోయింది.

"నేనూ రోజూ తొక్కుతా కదే," అన్నాను.

"నువ్వు తల వంచుకుని పోతావక్కా. ఆమెను పొద్దున చూశాగా, ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఎంత హాయిగా ఉందో చెప్పి పోతుంది. చూసినంత మాత్రాన మనసు మారదు."

నీ ప్రోగ్రాంలోనే ఏదో తప్పుందన్నాను.

సాయంత్రం మా ఆయన షాహీనా వాళ్ల ఇంటి నుంచి వచ్చి, "సైకిల్ తొక్కితే మోకాళ్లకు మంచిదంట, షాహీనా చెప్పింది. రేపు నాకూ ఒకటి చూద్దాం," అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి నేను చెప్తున్నదీ అదే మాట. చెల్లెలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

మీ ఇంట్లో మీ మాట ఎవరి నోటి నుంచి వస్తే చెల్లుతుందో కాస్త చెప్పండి.