కాయలు లేని కానుక

మొన్న మా చర్చిలో కోతపండుగ జరిగింది. అంగడిలో కొన్న ఆపిల్ బుట్టలతో జనం వరుసలో నిలబడితే, వాళ్ల వెనక ఒకామె ఎండిన వేరుశనగ మొక్కల కట్ట పట్టుకుని వచ్చింది. ఆ మట్టివాసన తగలగానే పాస్టరునైన నేను ఏడేళ్ల పిల్లవాణ్ణయిపోయాను.

అప్పట్లో తనకల్లు దగ్గరి పల్లెలో మా నాయన పాస్టరు. కోతపండుగకు అందరూ తొలిపంట తెచ్చేవాళ్లు. గుమ్మడికాయైనా కొర్రల చేటైనా నాయన ఒంటిచేత్తో అందుకుని బల్ల మీద పెట్టేవాడు. వానలు మొండిచెయ్యి చూపిన ఆ ఏడు, ఓబులేసు మామ చేలోని వేరుశనగ మొక్కలు పీకి కట్టగట్టి తెచ్చాడు. వేళ్లకు ఒక్క కాయ లేదు.

“ఏమప్పా, కాయలే పట్టలేదా?” అన్నాడు నాయన.

“కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగే పొద్దుకు వాన ఎగ్గొట్టె అయ్యగారూ. ఆయప్ప ఇచ్చిందే తెచ్చినా. చూడనీ!”

మామ దేవుణ్ణి ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. నాయన తిడతాడని భయపడ్డాను. నాయన మాత్రం రెండు చేతులూ చాచి ఆ కట్ట అందుకున్నాడు. గుమ్మడికాయలు పక్కకు జరిపి, బల్ల నడుమ పెట్టాడు.

ఇంటికి పోతూ అడిగాను. “నాయనా, మామకు దేవుని మీద కోపమా?”

“కోపమే. అయినా యాడికీ పోలేదు సూడు, ఈడికే వచ్చినాడు.”

ఆనాటి ప్రసంగంలో నాకొక్క ముక్కా గుర్తులేదు. మొన్న ఆ కట్ట తెచ్చినామెను నేనేమీ అడగలేదు. రెండు చేతులూ చాచాను.