గుండ్రంగా కత్తిరించిన నాన్న

డిగ్రీ చదివే రోజుల్లో నాన్న నా కవితల నోట్‌బుక్కులు మూడింటినీ పాత పేపర్లతో కలిపి పల్లీల బండివాడికి ఇచ్చేశాడు. మల్కాపురం జనం నా విరహంలో పల్లీలు పొట్లాలు కట్టించుకుని తిన్నారు. ఆ రోజు నుంచి నాన్నతో మాట్లాడటం మానేశాను. భోజనానికి రమ్మనాలన్నా అమ్మ చేత చెప్పించేదాన్ని. ఆయనా పలకరించలేదు. అలా పదేళ్లు. ఇంత చిన్న విషయానికా అని అడిగేవాళ్లు కవితలు రాసి ఉండరు.

రెండువేల సంవత్సరం దాటాక, దువ్వాడ కాలేజీలో పాఠాలు చెప్పుకునే నాకు ఆత్మ మీద మోజు పుట్టింది. బీచ్ రోడ్డు హోటల్లో రెండు రోజుల శిబిరం. పత్రికల్లో బొమ్మలు చింపి అట్టమీద అంటించి, పక్కన మనసులో మాట రాస్తే, పగిలిన ఆత్మ అతుక్కుంటుందట. నేర్పే ఆవిడ ఏసీ గదిలో కళ్లు మూసుకుని మాట్లాడేది. మా అమ్మ పోపులపెట్టె సర్దుకునేంత సేపట్లో ఇరవైమందిమి మోక్షం దాకా వెళ్లొచ్చాం. మిమ్మల్ని గాయపరిచిన మనిషి ఫోటో రేపు తెండి, ఉన్నచోటు నుంచి విడిపించి తెండి, క్షమిద్దాం అంది.

నాన్నకున్నది ఒకటే ఫోటో. పోర్టులో క్రేను ముందు ఎనిమిదిమంది కళాసీలు నిలబడి దిగింది. హాల్లో గోడ మీద ఉండేది. ఫ్రేము ఊడదీసి నాన్నని గుండ్రంగా కత్తిరించాను. మిగతా ఏడుగురినీ మళ్లీ గోడకి తగిలించాను. మర్నాడు నాన్న చుట్టూ మేఘాలు అంటించి, క్షమిస్తున్నానని నాలుగు పేజీలు రాశాను. చదివితే ఇద్దరు ఏడ్చారు. చాలా గర్వపడ్డాను.

ఇంటికొచ్చేసరికి నాన్న గోడ ముందు నిలబడి ఉన్నాడు.

“నన్ను కోసుకుంటే కోసుకున్నావు. నా బుజం మీద ఆడి సెయ్యుంది. ఆ సెయ్యేటి సేసిందే నీకు?”

ఆ చెయ్యి పక్కనున్న స్నేహితుడిది. ఫోటో దిగిన ఏడాదికే జ్వరమొచ్చి పోయాడు. ఆయనకి ఇంకో ఫోటో లేదు. ఏటా ఆయన పోయిన రోజున ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి, మా ఇంటికొచ్చి ఆ ఫోటో చూసుకుని వెళ్లేది. కాపీ తీయించి ఇస్తామంటే వద్దనేది. నలుగురితో నవ్వుతూ ఉన్నాడు, అలాగే ఉండనీ అనేది. ఇదంతా నాకు తెలుసు. ఆత్మ గురించి ఆలోచించే మనిషికి అత్త గుర్తొస్తుందా?

ఆమె రావడానికి నాలుగు రోజులుంది. నాన్నని తడిపి అట్టమీంచి ఊడదీసి, ఫోటోలో అతికించాను. భుజం దగ్గర పొర లేచిపోయింది. స్నేహితుడి చెయ్యి మణికట్టు దాకా వచ్చి ఆగిపోయింది. వేళ్లు అట్టకే ఉండిపోయాయి.

అత్త వచ్చి చాలాసేపు చూసింది. వేళ్లు లేని చోట తన వేలు పెట్టింది.

“సెదలమ్మా,” అన్నాడు నాన్న. “ఫ్రేములో దూరి తినేసినాయి. నాను సూసుకోలేదు.”

“సెదలు ఇంత గుండ్రంగా తింటాయేటన్నయ్యా?”

అత్త నన్నొకసారి చూసి చెప్పులేసుకుంది.

మరుసటి ఏడు ఆమె రాలేదు. నాన్న సాయంత్రం దాకా వీధి గుమ్మంలోనే కూచున్నాడు. పక్కన కూచుని, తప్పయిపోయింది నాన్నా అన్నాను.

“నాకు సెప్తే ఏటొత్తాది?” అన్నాడు. “ఎల్లి ఆయమ్మకి సెప్పు.”